అక్షరం లేని జీవో

మా శాఖలో పంతుళ్ళకు రెండు చదువులు వచ్చి ఉండాలి. ఒకటి పిల్లలకు చెప్పేది, రెండోది బదిలీల జీవో. మొదటిది రాకపోయినా ఉద్యోగం నడుస్తుంది. రెండోది రాకపోతే మాత్రం రిటైరయ్యేదాకా కొండమీదే ఉంటారు.

ఆ జీవో అరవై పేజీల పైమాటే. ప్రతి వాక్యంలోనూ ఒక "అయితే" ఉంటుంది. ఆ "అయితే"కి ఒక "తప్ప" ఉంటుంది. ఆ "తప్ప" కింద సన్నటి అక్షరాల్లో ఒక "లోబడి" పడుకుని ఉంటుంది. వేసవి సెలవులు వచ్చాయంటే లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు అనే తేడా లేకుండా మావాళ్ళందరూ ప్లీడర్లయిపోతారు. ఎవరికి ఎన్ని పాయింట్లు, ఎవరు కదిలితే ఎవరి కుర్చీ ఖాళీ, ఆ ఖాళీలోకి ఎవరు దూకితే ఇంకెవరు ఇరుక్కుంటారు అని టీకొట్ల దగ్గర నిలబడి లెక్కలు కడుతుంటారు. ఆదివారం పేపర్లో వేసే గళ్ళ పజిలు దీని ముందు పిల్లలాట.

నా పేరు రౌతు గవర్రాజు. డ్రాయింగు మాస్టార్ని. పని చేసేది గుమ్మడివలసలో, అంటే కొండల్లో. మా ఆవిడ ఇందుమతి లెక్కల టీచరు. ఆవిడ పని చేసేది రేవుకట్టలో, అంటే సముద్రం ఒడ్డున. మధ్యలో జిల్లా మొత్తం ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేం కలిసి కాపరం చేసింది ఆదివారాలూ, పండగ సెలవులూ మాత్రమే. శనివారం బడి వదలగానే బస్సెక్కి, రేవుకట్ట చేరి, అన్నం తిని, పడుకుని లేచేసరికి మళ్ళీ బస్సు వేళవుతుంది. ఆ వీధిలోవాళ్ళు చాలాకాలం నన్ను ఆవిడకు దూరపు చుట్టం అనుకున్నారు.

జీవోలో మాకు పనికొచ్చే నియమం ఒకే ఒక్కటి ఉంది. భార్యాభర్తలిద్దరూ శాఖలోనే ఉంటే, ఇద్దరిలో ఎవరో ఒకరు రెండోవారు ఉన్న చోటికి బదిలీ కోరవచ్చు. అయితే ఎనిమిదేళ్ళ సర్వీసు నిండి ఉండాలి. నాకు ఆ వేసవితో నిండుతోంది. రేవుకట్ట బళ్ళో డ్రాయింగు మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. దరఖాస్తు పెట్టేశాను, ఇంక వెళ్ళి అందులో కూర్చోవడమే తరువాయి. ఇద్దరం ఒకే కప్పు కింద ఉండాలన్నది తప్ప శాఖను మేం ఇంకేమీ అడగలేదు.

మా కమిషనర్ మార్తాండరావు గారు బాగా చదువుకున్నవారు. అది చాలక చురుకైనవారు. ఆ సంవత్సరం ఏదో సదస్సుకు వెళ్తూ విమానాశ్రయంలో ఒక పజిళ్ళ పుస్తకం కొన్నారు. ఆ పుస్తకంలో ఆట నియమాలు ఎక్కడా రాసి లేవు. ఒకపక్క ఖాళీ గళ్ళు, ఇంకోపక్క అంకెలు నింపిన గళ్ళు, కింద తప్పుగా నింపిన గళ్ళమీద ఒక ఎర్ర ఇంటూ. అంతే. చూస్తే చాలు, ఎలా ఆడాలో తెలిసిపోతుంది. కమిషనర్ గారు విమానం దిగేలోగా ఒక పజిలు పూర్తి చేశారు. దిగాక మనిషి మారిపోయారు.

శాఖలో బొమ్మలు వచ్చినవాడు ఎవడని వాకబు చేయించి నన్ను రాజధానికి పిలిపించారు. ఆయన గదిలో, ఆయన నింపిన ఆ పజిలు పేజీ అద్దాల ఫ్రేములో గోడకు వేలాడుతోంది. పక్కన సూపరింటెండెంటు కామాక్షమ్మ గారు ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బదిలీల జీవోలో ఉన్న "అయితే"లన్నీ ఆవిడ చేతిమీదుగా వచ్చినవే.

"మిస్టర్ గవర్రాజు, ఈ పేజీలో ఒక్క అక్షరముందా?" అన్నారు కమిషనర్ గారు.

"లేదండి."

"నేనెవర్నయినా అడిగానా? అడగలేదు. అయినా పూర్తి చేశాను. దీన్నిబట్టి మీకేం బోధపడుతోంది?"

"తమరు తెలివైనవారని," అన్నాను.

"అది సరే. నియమానికీ పౌరుడికీ మధ్య భాష అడ్డుగోడగా నిలబడిందని బోధపడాలి. ఆ గోడను మనం కూల్చబోతున్నాం. బదిలీల నియమావళి మొత్తం ఒకే ఒక్క చిత్రంలోకి రావాలి. టీచరు చూడాలి, గ్రహించాలి, కదలాలి. దృశ్య పాలన అంటే అదీ."

కామాక్షమ్మ గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, సదరు ఆలోచన మిక్కిలి పరిశీలనార్హము. అయితే..."

"అదిగో, ఆ మాటే. ఇకనుంచి ఈ కార్యాలయంలో 'అయితే' అనేది వినపడకూడదు."

ఆవిడ ఆ సంగతిని కూడా ఫైల్లో రాసుకున్నారు. మర్నాటికి పదకొండు పేజీల ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట నియమావళిలోగానీ, దానికి సంబంధించిన ఏ కాగితంలోగానీ అక్షరంగానీ, అంకెగానీ, విరామచిహ్నంగానీ ఉండరాదు, అయితే ఈ ఉత్తర్వుకు ఈ ఉత్తర్వు వర్తించదు అని అందులో ఉంది.

నాకూ కామాక్షమ్మ గారికీ ఒక గది ఇచ్చారు. ఆవిడ పాత జీవో చదవాలి, నేను గీయాలి. బడి అంటే జెండా ఎగిరే పాక. టీచరు అంటే సుద్దముక్క పట్టుకున్న మనిషి. బదిలీ అంటే బాణం. బాణం దాకా మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

సీనియారిటీ దగ్గర మొదటిసారి ఆగాం. నెరిసిన జుట్టు గీశాను. నలుపు తెలుపు అచ్చులో అది తెలియదన్నారు. సరే, సీనియర్‌కు నున్నటి బట్టతల, జూనియర్‌కు ఉంగరాల క్రాపు గీశాను. బట్టతల ముందు, క్రాపు వెనక. ఎనిమిదేళ్ళ సర్వీసుకు, ఏడాదికొక వేసవి కదా అని, ఎనిమిది మామిడిపళ్ళు గీశాను. "తప్ప" అన్నదానికి కామాక్షమ్మ గారే ఉపాయం చెప్పారు. వాన కురుస్తుంది, అందరూ తడుస్తారు, గొడుగున్నవాడు తప్ప. ఆవిడలో అంత కళాహృదయం ఉందని నేననుకోలేదు. "లోబడి" అంటే వంగి దండం పెట్టేవాడిని గీశాం. వాడు ప్రతి నియమం పక్కనా రావాల్సి వచ్చింది.

అసలు చిక్కు "లేదా" దగ్గర వచ్చింది. భార్యాభర్తల నియమం మొత్తం ఆ మాటమీదే నిలబడి ఉంది. భర్త భార్య దగ్గరికి, లేదా భార్య భర్త దగ్గరికి. "మరియు" గీయడం తేలిక, రెండూ పక్కపక్కన పెడితే చాలు. "లేదా" ఎలా గీస్తారు? చీలిన దారి గీశాను. కమిషనర్ గారు కొట్టేశారు. "దారి చీలితే నిర్ణయం చీలినట్టు కనబడుతుంది. పాలనలో సందిగ్ధత దర్శనమివ్వరాదు," అన్నారు. ప్రశ్నార్థకం పెట్టాను. అది విరామచిహ్నం, నిషేధం. తక్కెడ గీశాను. అది తూనికలు కొలతల శాఖవారి చిహ్నంలా ఉందన్నారు.

చివరికి ఒక మగమనిషిని గీసి, అతని దగ్గర్నుంచి ఆడమనిషి వైపు ఒక బాణం వేశాను. ఆడమనిషి దగ్గర్నుంచి మగమనిషి వైపు ఇంకో బాణం వేశాను. ఇటునుంచైనా వెళ్ళవచ్చు, అటునుంచైనా రావచ్చు అని నా భావం. ఆ బొమ్మను ప్రాణం పెట్టి గీశాను. ఆడమనిషికి ఇందుమతి ముక్కు వచ్చింది. మగవాడికి నాకన్నా కొంచెం మంచి జుట్టు ఇచ్చాను.

కామాక్షమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "భావం బాగుంది మాస్టారూ. కానీ భావానికి ఫైలు నంబరు వేయలేం కదా," అన్నారు. కమిషనర్ గారు మాత్రం రెండు వైపులా సమానంగా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టబోయారు. సంతకంలో అక్షరాలుంటాయని గుర్తొచ్చి వేలిముద్ర వేశారు.

ఆ ఆదివారం రేవుకట్ట వెళ్ళాను. బదిలీల చిత్రం విడుదలయ్యేదాకా రహస్యం కాబట్టి ఇందుమతికి చూపించలేదు. కమిషనర్ గారి గోడమీది పజిలు ఫోటో మాత్రం చూపించాను. ఆవిడ కరివేపాకు దూస్తూ ఓసారి తల తిప్పి చూసింది.

"మూడో వరసలో ఐదు రెండుసార్లొచ్చింది," అంది.

"అంటే?"

"అంటే ఏటండీ, తప్పు చేశాడని."

"ఆయన కమిషనరు, ఇందూ."

"అయితే ఒక్కసారే వచ్చిందేమోలెండి," అని కరివేపాకు పోపులో వేసింది.

చిత్రం విడుదలైంది. అన్ని విద్యా కార్యాలయాల గోడలమీదా అతికించారు. మొదటిరోజు టీచర్లు సంతోషించారు. చదవక్కర్లేదు కదా అన్నారు. రెండోరోజు దాని ముందు గుంపులు కట్టారు. మూడోరోజు ఒక సోషల్ మాస్టారు గుండు చేయించుకుని వచ్చి దరఖాస్తు పెట్టారు. బొమ్మలో గుండుకు ముందు పిలుపు ఉంది, తనకు గుండు ఉంది, కాబట్టి తనను ముందు పిలవాలని ఆయన వాదన. బొమ్మను చూస్తే ఆ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తర్వాత ఆగలేదు. ఎప్పటెప్పటి మొక్కులో జ్ఞాపకం తెచ్చుకుని టీచర్లు కుటుంబాలతో కొండలెక్కి తలనీలాలు ఇచ్చి దిగారు. బదిలీ కావలసినవాడిని వీధిలోనే గుర్తుపట్టే వీలు కలిగింది. దాంతో పుట్టుకతో కాకపోయినా వయసుతో బట్టతల సంపాదించిన హెడ్మాస్టర్లకు కడుపు మండింది. ఇవి అక్రమ గుండ్లు, మా ఏళ్ళ తరబడి సేవను మంగలి కత్తితో సమానం చేస్తారా అని వాళ్ళు వెళ్ళి మొరపెట్టుకున్నారు. మహిళా టీచర్లు తమకు ఈ విషయంలో సమాన అవకాశాలు లేవని వెళ్ళి అడిగారు.

కమిషనర్ గారు చలించలేదు. "సిబ్బంది బొమ్మను చదువుతున్నారనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?" అన్నారు. కేశరహిత స్థితి నిర్ధారణకు ఒక కమిటీ వేశారు. కమిటీవారు దరఖాస్తుదార్లను వరసగా కూర్చోబెట్టి నెత్తిమీద బొటనవేలితో రాసి చూసేవారు. గరుకు తగిలితే మొక్కు గుండు. నున్నగా జారితే సహజం. ఒక కమిటీ సభ్యుడికి సొంత గుండు ఉండటంతో ఆయన నిష్పక్షపాతం మీద సందేహాలు వచ్చాయి. ఆయనను తప్పించారు.

మామిడిపళ్ళ సంగతి కొంత మేలు. చాలామంది దరఖాస్తుతో పాటు ఎనిమిదేసి పళ్ళు జతచేసి పంపారు. ఆఫీసువాళ్ళు స్వీకరించి, పరిశీలించి, సదరు జతపరచిన ఆధారములు భద్రపరచుటకు వీలుగాని స్వభావము కలవి అయినందున పరిశీలనలోనే ఖర్చయినవి అని ఫైల్లో రాయబోయారు. రాయకూడదు కనక ఒక టెంక బొమ్మ గీశారు.

ఈ గందరగోళం పోవడానికి వివరణ ఇమ్మన్నారు. వివరణలో అక్షరాలు ఉండకూడదు కాబట్టి నన్నే గీయమన్నారు. గుండు పక్కన క్యాలెండరు పెట్టి, మంగలి కత్తిమీద ఇంటూ కొట్టి వివరణ చిత్రం గీశాను. టీచర్లు దాన్ని చూసి, సెలవుల్లో గడ్డం గీసుకోకూడదని అర్థం చేసుకున్నారు. ఆ వివరణకు వివరణ గీశాను. దాంతో గడ్డాలు కూడా పాయింట్లలోకి వచ్చాయి.

మా సంఘం నాయకుడు దేవదానం గారు మొదటినుంచీ దీన్ని ఖండిస్తూనే ఉన్నారు. ఆయన ఖండించనిది శాఖలో ఏదీ లేదు, పలకలూ బలపాలతో సహా. "ఉపాధ్యాయ లోకం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఈ నిరంకుశ చిత్రలేఖనాన్ని ముక్తకంఠంతో ప్రతిఘటిస్తాం," అని ప్రకటించి వినతిపత్రంతో వెళ్ళారు. అక్షరాలున్నాయని దాన్ని తీసుకోలేదు. బయటికొచ్చి ఒక బిగించిన పిడికిలి గీయించి లోపలికి పంపారు. ఆయన బలపరుస్తున్నారని ఆఫీసువాళ్ళు అర్థం చేసుకుని, దాన్ని అభినందనల ఫైల్లో పెట్టి, కృతజ్ఞతగా తిరిగి ఒక పువ్వు బొమ్మ పంపారు.

తర్వాత సంఘం ఇంకోదారి పట్టింది. బదిలీల చిత్రాన్ని అర్థం చేసుకోవడమెలా అని ఒక గైడు వేసింది. అది పాత జీవోకు రెండింతలు. అందులో ప్రతి బొమ్మకూ వివరణ, ప్రతి వివరణకూ ఒక "అయితే", దాని కింద "తప్ప", ఇంకా కిందికి "లోబడి". టీచర్లు ఎగబడి కొన్నారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి కామాక్షమ్మ గారు బల్లసొరుగు సగం తెరిచి అందులో ఆ గైడు పెట్టుకుని చదువుతున్నారు. చాలాకాలం తర్వాత సొంతూరు భోజనం దొరికిన మనిషిలా ఉంది ఆవిడ ముఖం. నేను చూడనట్టే వచ్చేశాను.

ఇంతలో భార్యాభర్తల బొమ్మమీద బదిలీల ట్రిబ్యునల్లో కేసు పడింది. ఒక సైన్సు మాస్టారు, ఆయన భార్య హిందీ పండిట్. ఇద్దరూ వేర్వేరు ఊళ్ళల్లో ఉన్నారు. ఇద్దరికీ కలిసి ఉండాలని ఉంది, కానీ ఎవరికీ తన ఊరు వదలాలని లేదు. కదలాల్సింది ఆవిడే అని ఆయన, ఆయనే అని ఆవిడ. ఆయన ప్లీడరు ఆడమనిషి బాణం చూపించాడు. ఆవిడ ప్లీడరు మగమనిషి బాణం చూపించాడు. బొమ్మ ఒకటే.

గీసినవాడిని పిలిపించండి అన్నారు ట్రిబ్యునల్ ఛైర్మన్ గారు. నన్ను బోనులో నిలబెట్టారు.

"ఈ రెండు బాణాలు గీయడంలో మీ ఉద్దేశమేమిటి?"

ఇన్నాళ్ళకు నోటితో చెప్పే అవకాశం వచ్చింది కదా అని ప్రాణం లేచొచ్చింది. "అయ్యా, ఇద్దరిలో ఎవరో..." అని మొదలుపెట్టాను.

శాఖవారి ప్లీడరు చప్పున లేచాడు. "అభ్యంతరం. చిత్రకారుడి ఉద్దేశం అప్రస్తుతం. నియమం చిత్రంలో ఉన్నది, చిత్రకారుడిలో లేదు. మాటలతో చెప్పించడమంటే అక్షర రహిత నియమావళిలోకి దొడ్డిదారిన అక్షరాలను తేవడమే."

ఛైర్మన్ గారు ఆలోచించి అభ్యంతరాన్ని అంగీకరించారు. నన్ను దిగిపొమ్మన్నారు. తీర్పు అప్పుడే చెప్పారు. "చిత్రంలో రెండు బాణములు కలవు. వాటిలో ఒకటి కలదనియు రెండవది లేదనియు చెప్పుటకు ఆధారము లేదు. కావున రెండు బాణములును అమలు కావలెను." తీర్పులో లోపమేదీ లేదు. ఉన్నదల్లా నా బొమ్మలోనే.

ఆ శనివారం రేవుకట్టలో అన్నం తింటూ ఈ కథంతా ఇందుమతికి చెప్పాను. ఆవిడ పులుసు వడ్డిస్తున్న గరిట ఆపేసింది.

"రెండు బాణాలు గీశారా?"

"గీశాను."

"అటొకటి, ఇటొకటి?"

"అవును."

"మధ్యలో 'లేదా' ఏదండీ?"

"'లేదా' గీయడం రాలేదు ఇందూ. ఎవరికీ రాలేదు."

ఆవిడ గరిట గిన్నెలో పెట్టి, నేలమీద వేలితో రెండు చుక్కలు పెట్టి, అటూ ఇటూ రెండు గీతలు గీసింది. నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. నేను రేవుకట్ట వస్తాను. అదే రోజు ఆవిడ గుమ్మడివలస వెళ్తుంది. మళ్ళీ మధ్యలో జిల్లా మొత్తం.

"సోమవారం పొద్దున్నే వెళ్ళి బేగి దరఖాస్తు వెనక్కి తీసుకోండి. మనకేం బదిలీ వద్దు. ఆదివారాలైనా మిగుల్తాయి," అంది.

సోమవారం ఆఫీసు తలుపులు తీసేసరికి కామాక్షమ్మ గారి ముందున్నాను. దరఖాస్తు వెనక్కి తీసుకోవడం కూడా బొమ్మతోనే అన్నారు. భార్యనూ భర్తనూ గీసి ఇద్దరిమీదా అడ్డంగా పెద్ద ఇంటూ కొట్టి ఇచ్చాను. అక్కడి పరిశీలన విభాగం ఆ ఇంటూను చూసి, కాపరంలో కలతలు తీవ్రంగా ఉన్నాయి, ఈ దంపతుల విషయం అత్యవసరం అని ఎర్రదారం కట్టి నా ఫైలును పైకి పంపేసింది.

"అమ్మా, దాని అర్థం అది కాదని మీకు తెలుసు," అన్నాను.

"తెలుసు మాస్టారూ. తెలిసినట్టు రాయడానికే నా దగ్గర అక్షరం లేదు," అన్నారావిడ. ఆ మాట అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడమీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు. వచ్చిన కోపమంతా నా చేతిమీదే వచ్చింది.

కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను నిలబెట్టి అభినందించారు. "మిస్టర్ గవర్రాజు, శాఖ చరిత్రలో మొదటిసారి దంపతుల దరఖాస్తులు ఒక్కటి కూడా పెండింగు లేదు. ఇంతకుముందు ఒక జంటలో ఒకరినే కదిలించగలిగేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరినీ కదిలిస్తున్నాం. సామర్థ్యం రెట్టింపయింది."

"అయ్యా, ఇద్దరూ కదిలితే మళ్ళీ దూరం దూరంగానే ఉంటారు కదండీ."

"దూరం అనేది మీరు మాటల్లో ఆలోచించడం వల్ల కలిగే భావన. బొమ్మలో చూడండి. ఇద్దరూ ఎంత దగ్గరగా ఉన్నారో."

చూశాను. జానెడు దూరంలో ఉన్నారు. కాగితం అంతకన్నా వెడల్పు లేదు.

ఆ వారంలోనే బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. నాకు వచ్చిన కాగితంలో కొండ, బాణం, అల. ఆవిడకు వచ్చినదాంట్లో అల, బాణం, కొండ. పక్కన దండం పెట్టేవాడు ఇద్దరికీ ఉన్నాడు. జిల్లాలో మాలాంటి జంటలన్నీ ఒకరి ఊరు ఒకరు మార్చుకున్నాయి. కేసు పెట్టిన సైన్సు మాస్టారూ హిందీ పండిట్టూ కూడా, ఎవరు కదలాలన్న తగువు లేకుండా, ఇద్దరూ కదిలారు. మార్తాండరావు గారికి పదోన్నతి వచ్చింది. ఇప్పుడాయన మందుల శాఖ చూస్తున్నారు. మందు సీసాలమీద రాత మరీ ఎక్కువైపోయిందని ఆయన అభిప్రాయమట.

కొండ బస్సూ రేవు బస్సూ మూడురోడ్ల జంక్షన్లో కలుసుకుంటాయి. డ్రైవర్లు టీ తాగేదాకా ఆగుతాయి. చేరాల్సిన రోజు ఇద్దరికీ ఒకటే కనక, నేను పరుపుచుట్టతో దిగేసరికి ఇందుమతి అప్పటికే తన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా సామాన్లు సర్దింది కాబట్టి అనుకున్నాను. కాదని నాకూ తెలుసు.

"వచ్చారా?"

"వచ్చాను."

నా గది తాళంచెవి ఆవిడకిచ్చాను. ఆవిడ గది తాళంచెవి నాకిచ్చింది. ఇంతకాలం చుట్టపుచూపుగా వెళ్ళొచ్చిన ఇల్లు కదా, అందులో ఏది ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. ఆవిడకా సంగతి తెలుసు.

"రాసుకోండి. నీళ్ళు తెల్లారకుండా వస్తాయి. ఇంటావిడ మోటారు వెయ్యకముందే పట్టుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా రావు. అయితే శుక్రవారం అసలు రావు, కాబట్టి గురువారమే రెండు బిందెలు ఎక్కువ పట్టాలి. పొయ్యిలో ఎడంపక్కది వెలగదు. కుడిపక్కది రెండోసారి తిప్పితేనే వెలుగుతాది. వీధిలో నల్లకుక్క కరవదు, మీరు పరిగెత్తితే తప్ప. పాలబ్బాయి రాకపోతే మలుపులో ఉన్న డబ్బా కొట్లో ఇస్తారు, లేదా ఇంటావిడనడిగినా ఇస్తాది, కానీ ఆవిడనడిగితే ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి వినాలి. రాస్తున్నారా?"

జేబులోంచి పెన్ను తీశాను. చేతిలో ఉన్న బస్సు టికెట్టు తిరగేశాను. వినేసరికే నా చెయ్యి దానంతటది కదిలింది. ఒక కుళాయి గీసి, దానికింద బిందె గీసి, పైన సూర్యుణ్ణి సగం గీశాను.

ఆవిడ నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఇంకొక్క బొమ్మ గీశారంటే నేను గుమ్మడివలస నుంచి దిగను. తెలుగులో రాయండి," అని పెన్ను తిరిగి ఇచ్చింది.

రాశాను. టికెట్టు చాలకపోతే టీకొట్టువాణ్ణి అడిగి పాత పేపరు ముక్క తీసుకుని దానిమీద రాశాను. అయితేలు, తప్పలు, లేదాలు, అన్నీ ఆవిడ చెప్పినవి చెప్పినట్టు రాశాను. రాస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. డ్రైవర్లు గ్లాసులు పెట్టి లేచారు. ఇందుమతి పెట్టెతో సహా తన బస్సెక్కింది. నా బస్సు కండక్టరు ఈల వేశాడు.

"మరి ఆదివారం?" అన్నాను, కాలు మెట్టుమీద పెట్టి.

ఆవిడ తన బస్సు కిటికీలోంచి వేలెత్తి నన్ను చూపించింది.

"మీరు రండి. నేను కదలను. మీరే రావాలి. ఇద్దరం బయల్దేరామంటే మళ్ళీ ఈ జంక్షన్లోనే కూర్చుంటాం. ఇందులో అయితే లేదు, తప్ప లేదు. రాసుకోండి."

నా బస్సు కదిలింది. ఫుట్‌బోర్డు మీద ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఆ పేపరు ముక్కను మోకాలిమీద పెట్టుకుని, అది కూడా రాసుకున్నాను.